వాల్యూమ్ అబద్ధమాడదట!

షేర్ల చార్టులు చదవడం నేర్పేవారు వేదవాక్యంలా వల్లించే మాట ఒకటుంది: "ధర అబద్ధమాడవచ్చు గాని వాల్యూమ్ అబద్ధమాడదు." ధరను నలుగురు చేరి ఆడించవచ్చునట, చేతులు మారిన షేర్ల సంఖ్యను మాత్రం ఎవరూ ఆడించలేరట. కనుక ధరతోపాటు వాల్యూమ్ పెరుగుతుంటే కొనవచ్చు. వాల్యూమ్ పలచగా ఉండి ధర తగ్గుతుంటే కంగారు పడనక్కరలేదు. ఈ రెండు సూత్రాలనూ నమ్మి మా పినతండ్రిగారి అబ్బాయి, ఉద్యోగ విరమణలో వచ్చిన సొమ్ములో సగం పట్టుకెళ్ళి ఒక చిన్న కంపెనీ షేర్లలో పోశాడు. వద్దురా అన్నాను. "అన్నయ్యా, చార్టు అడుగున ఆ పచ్చ కడ్డీలు చూసి అప్పుడు మాట్లాడు" అన్నాడు. చూశాను.

పది లక్షల షేర్లు కొన్నారంటే పది లక్షల షేర్లు అమ్మారనే కదా అర్థం. మరి ఆ కడ్డీకి పచ్చరంగు ఎక్కడినుంచి వచ్చింది? ఆనాటి ధర పైకి ముగిసింది గనుక వచ్చింది. అంటే ధరే మళ్ళీ రంగు మార్చుకొని సాక్ష్యం చెబుతోందన్నమాట. ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్ అనే సూచికదీ ఇదే కథ. నిన్న 100 రూపాయల వద్ద ముగిసిన షేరు నేడు 100 రూపాయల 10 పైసల వద్ద ముగిస్తే, నేడు చేతులు మారిన పది లక్షలూ కొనుగోలుదారుల ఖాతాలో జమ. రేపు ఆ 10 పైసలూ తగ్గితే రేపటి వాల్యూమ్ మొత్తం ఖర్చు. పదిపైసల తేడా పది లక్షల షేర్ల మనసు చెబుతుందని ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోడు.

ఈ సూచికను 1963లో తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన జోసెఫ్ గ్రాన్‌విల్. 1981 జనవరి 6 రాత్రి ఆయన తన చందాదారులకు "అన్నీ అమ్మేయండి" అని కబురంపాడు. మర్నాడు న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో అప్పటిదాకా ఎన్నడూ లేనంత వాల్యూమ్! సూటిగా అడుగుతాను: ఆ వాల్యూమ్‌కు ఏం తెలుసు? గ్రాన్‌విల్ మాట్లాడాడని తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు. 1982 ఆగస్టులో మార్కెట్టు పెద్ద ఎత్తున లేచినప్పుడు ఆయన ఇంకా పతనం గురించే చెబుతూ ఉండిపోయాడు.

మన దగ్గరి సంగతి మరీ విడ్డూరం. ఉదయం కొన్నది మధ్యాహ్నానికి అమ్మి చేతులు దులుపుకొనేవారి లావాదేవీలన్నీ ఆ కడ్డీలోనే కలిసి ఉంటాయి. ఏ షేరులో ఎంత డెలివరీకి వెళ్ళిందో ఎన్ఎస్ఈ ప్రతిరోజూ ప్రకటిస్తూనే ఉంటుంది. ఆ అంకెను చూసే ఓపిక ఎందరికి? సూచీలోకి ఒక కంపెనీ కొత్తగా చేరితే ఇండెక్స్ ఫండ్లు దానిని కొనక తప్పదు. అక్కడ పొడుచుకు వచ్చే కడ్డీలో ఆ కంపెనీ మంచిచెడ్డల మీద అభిప్రాయం రవ్వంతైనా లేదు.

ఇక ఆడించడం సంగతి. యూట్యూబ్ వీడియోలతో 2022లో సాధనా బ్రాడ్‌కాస్ట్ షేర్లను పైకెత్తారన్న వ్యవహారంలో సెబీ 2023 మార్చిలో మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. అందులో కొందరిని చేర్చిన వర్గం పేరేమిటో తెలుసా? "వాల్యూమ్ సృష్టికర్తలు." అబద్ధమాడని వస్తువుకు సృష్టికర్తలు కూడా ఉంటారన్నమాట!

వాల్యూమ్ దండగ అని నేననను. కొన్నది ఎప్పుడైనా అమ్ముకోగలమా అని చూసుకోవడానికి అంతకు మించిన లెక్క లేదు. విచిత్రమేమంటే దానిని సరిగ్గా ఆ పనికే ఎవరూ వాడరు. కొనేవాడు కరువై ధర లోయర్ సర్క్యూట్ వద్ద బిగుసుకుపోయినప్పుడు, అమ్మేవాళ్ళు వేలమంది బారులు తీరి ఉన్నా వాల్యూమ్ దాదాపు సున్నా. జరగని అమ్మకం కడ్డీగా లేవదు కదా. ఇల్లు తగలబడుతుంటే చార్టు అడుగున నిశ్శబ్దం. "పలచని వాల్యూమ్‌తో పడితే భయం లేదు" అనే సూత్రం ఆ ఇంట్లోనే కూర్చోమంటుంది.

మావాడు కూర్చున్నాడు. మొదటిరోజు 5 శాతం పడింది, వాల్యూమ్ లేదన్నాడు. రెండోరోజూ అంతే పడింది, చూశావా, ఎవరూ అమ్మడం లేదన్నాడు. తొమ్మిదో రోజున ఫోను చేసి "అన్నయ్యా, అమ్ముదామంటే కొనేవాడు లేడు" అన్నాడు. సూత్రం నేర్పిన పెద్దమనిషి అప్పటికి కొత్త విద్యార్థులతో మరో తరగతి మొదలుపెట్టాడు. మావాడు మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున్నే అమ్మకపు ఆర్డరు పెట్టి కాఫీ తాగుతాడు. నిన్న ఆ షేరులో చేతులు మారినవి మొత్తం 212.