గోల్ ఆపేవాడికీ ఒక గంట

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఈ దారిలో పెరిగి, డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్‌గా ఆడాలని కలగనే పిల్లలకు ఇంటర్ రెండేళ్లే అసలు అడ్డుగోడ. చాలా ఇంటర్ కాలేజీలకు గ్రౌండే ఉండదు. పొద్దుట మొదలైన చదువు రాత్రి స్టడీ అవర్స్‌తో గానీ ముగియదు. పైగా గోల్ కొట్టినవాడే అందరికీ గుర్తుంటాడు, ఆపినవాణ్ని ఎవరూ తలచుకోరు. కానీ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ డిఫెండరే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానంలో నిలిపిన కోచ్ రహీమ్ సాబ్‌దీ ఈ ఊరే. ఈ నేల గొడ్డుపోలేదు, మనమే నీళ్లు పోయడం మానేశాం. ఇంటర్ పిల్లలను రోజుకో గంట ఆటకు వదలండి. ర్యాంకు కోసం వాళ్ల కాళ్లు కట్టేయకండి.