కాంతితో కణితికి చికిత్స... పనిచేసిందో లేదో చెప్పేది మీరే!

‘బీఎస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ఏం చేస్తావు?’ ఈ ప్రశ్న మీకు కొత్తేం కాదు. ఇంట్లోనో, బంధువుల పెళ్లిలోనో వినే ఉంటారు. వైద్యరంగం అంటే నీట్ రాసినవాళ్లదేనని, మనకు అక్కడ పనేమీ లేదని చాలామంది ముందే అనుకుంటారు. అది ఎంత తప్పో ఒక్క ఉదాహరణ చూస్తే తెలుస్తుంది.

క్యాన్సర్‌కు కాంతితో చేసే చికిత్స ఒకటుంది. దాని పేరు ఫొటోడైనమిక్ థెరపీ. కాంతికి స్పందించే మందును ముందుగా రోగికి ఎక్కిస్తారు. అది కణితిలో చేరాక తగిన రంగు కాంతిని కణితిపై పడేలా చేస్తారు. ఫొటోఫ్రిన్ అనే మందుకైతే 630 నానోమీటర్ల ఎరుపు కాంతి కావాలి. ఆ శక్తిని మందు పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా పుట్టిన సింగ్లెట్ ఆక్సిజన్ క్యాన్సర్ కణాలను దెబ్బతీస్తుంది. కణితికి రక్తం తెచ్చే నాళాలూ మూసుకుపోతాయి. అమెరికాలో అన్నవాహిక క్యాన్సర్ రోగుల కోసం ఈ మందుకు 1995లో అనుమతి వచ్చింది.

సరే, లైట్ వేశారు. పని చేసిందా? కణితి సైజు చూసి వెంటనే చెప్పలేం. వాపు వల్ల మొదట్లో అది పెద్దదిగా కూడా కనిపించవచ్చు. తగ్గేదాకా ఆగుదామంటే, చికిత్స చాలని రోగికి విలువైన సమయం పోతుంది.

ఇక్కడే మీ పాఠం పనికొస్తుంది. ఎంఆర్ఐ శరీరం లోపలి బొమ్మ చూపిస్తుంది. మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ అక్కడి రసాయనాల లెక్క చెబుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మీరు కెమికల్ షిఫ్ట్, పీపీఎం అంటూ చదివే ఎన్ఎంఆరే ఇది. టెస్ట్ ట్యూబులో ద్రావణం బదులు మనిషి ఉంటాడు, అంతే తేడా. ఫాస్ఫరస్ స్పెక్ట్రమ్‌లో ఏటీపీ, ఫాస్ఫోక్రియేటిన్, ఇనార్గానిక్ ఫాస్ఫేట్ వేర్వేరు పీక్‌లుగా కనిపిస్తాయి. కణంలో శక్తి అడుగంటితే ఏటీపీ పీక్ తగ్గి, ఫాస్ఫేట్ పీక్ పెరుగుతుంది. 1980లలోనే ఎలుకల కణితులపై దీన్ని పరీక్షించారు. కాంతి చికిత్స జరిగిన కొన్ని గంటల్లోనే, సైజు తగ్గకముందే ఈ మార్పు కనిపించింది.

ఈ పీక్‌ల వెనక మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ కొలతల దారిలోనే 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఎంఆర్ఐకి 2003లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరిలో పాల్ లాటర్‌బర్ కెమిస్ట్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఫిజిసిస్ట్. ఇద్దరూ డాక్టర్లు కారు.

అన్నీ తేలిపోయాయా అంటే, లేదు. ఏటీపీ తగ్గగానే కణాలు చచ్చిపోయాయని చెప్పలేం. రక్తం తాత్కాలికంగా అందకపోయినా అది తగ్గుతుంది. పైగా 1.5 టెస్లా యంత్రంలో హైడ్రోజన్ దాదాపు 64 మెగాహెర్ట్జ్ దగ్గర పలికితే, ఫాస్ఫరస్ 26 దగ్గర పలుకుతుంది. ఆస్పత్రుల్లోని మామూలు ఎంఆర్ఐ హైడ్రోజన్ కోసం సిద్ధం చేసింది. ఫాస్ఫరస్‌కు వేరే కాయిల్, వేరే ఎలక్ట్రానిక్స్ కావాలి. కణితి చిన్నదైతే సిగ్నల్ నాయిస్‌లో కలిసిపోతుంది. అందుకే కాంతి చికిత్స విషయంలో ఈ పరీక్ష ఇంకా ప్రధానంగా పరిశోధన దశలోనే ఉంది. ఈ చిక్కుల్ని ఒక్కొక్కటిగా చూడండి. కాయిల్ ఎలక్ట్రానిక్స్ వాళ్లది, నాయిస్ కంప్యూటర్ సైన్స్ వాళ్లది, పీక్ కెమిస్ట్రీ వాళ్లది. డాక్టర్ ఒక్కరితో అయ్యే పని కాదు.

రేపే నోటిఫికేషన్ పడుతుందని నేను చెప్పను. ఈ ఒక్క పనికే ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీ దాకా వెళ్లాలంటే ఏళ్లు పడుతుంది, ఇంటి పరిస్థితి కూడా చూసుకోవాలి. కానీ నేర్చుకున్న నైపుణ్యం వృథా పోదు. స్పెక్ట్రమ్ చదవడం వచ్చినవాళ్లు హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లోనూ కావాలి. సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లు స్కానర్లు తయారుచేసే కంపెనీల్లోనూ కావాలి.

పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని ఎన్ఎంఆర్ విభాగం, లక్నోలోని సెంటర్ ఆఫ్ బయోమెడికల్ రీసెర్చ్, బెంగళూరు ఐఐఎస్సీ, ముంబయి, హైదరాబాద్‌లలోని టీఐఎఫ్ఆర్ గురించి చదవండి. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్, గేట్ దారి చూపుతాయి. సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు డిగ్రీలో ఉండగానే అప్లై చేయొచ్చు.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. ఎన్ఎంఆర్‌ను పది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టకండి. ఒక అసలు స్పెక్ట్రమ్ ముందు పెట్టుకుని ప్రతి పీక్ ఎందుకు అక్కడే వచ్చిందో మీ లెక్చరర్‌ను అడగండి. పైథాన్‌లో ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ మీ చేతులతో రాసి చూడండి. ‘ఏం చేస్తావు’ అని ఈసారి ఎవరైనా అడిగితే, చెప్పడానికి మీ దగ్గర ఒక పని ఉంటుంది.