ఇంగ్లీషు మాకు కావల్ల, ఫైన్ల పుస్తకం వద్దు

పోస్టు పెద్దది. బస్సులో కూర్చున్నప్పుడైనా సరే, చివరిదాకా చదవండి.

2025 జూన్ 12న బళ్లు తెరిచినప్పటి నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తాండాల పిల్లోళ్లు, ఎరుకల కాలనీల పిల్లోళ్లు మనకు దాదాపు ఒకే రకం కాగితం ఫోటో తీసి పంపుతాండారు. తొమ్మిదో తరగతి మొదలైన వారంలో ఇంగ్లీషు క్లాసులో పంచిన కాగితం అది. పైన పెద్దక్షరాలతో 'రూల్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' అని ఉంటుంది. కింద అమ్మానాయినల సంతకానికి గీత. ఏ బడి, ఏ సారు అనేది మేం రాయం. పిల్లోళ్లు అదే బడిలో పదో తరగతి దాకా చదవల్ల కదా.

క్లాసుకు నియమాలుండటం మీద మాకేం కోపం లేదు. పుస్తకం తెచ్చుకో, టైముకు రా, పక్కోన్ని కొట్టొద్దు, చూసి రాయొద్దు అంటే ఎవురు కాదంటారు? కానీ ఆ కాగితంలో ఉన్నవి వేరే. క్లాసులో 'మదర్ టంగ్' మాట్లాడితే మాటకు ఐదు రూపాయలు. హోంవర్కు ఒక రోజు ఆలస్యమైతే సున్నా. మూడు రోజులు రాకపోతే నాయినను పిలుచుకొచ్చేదాకా క్లాసు బయటే. హోంవర్కు వాట్సాప్‌లో పెడతారు, చూడలేదంటే ఒప్పుకోరు. ప్రాజెక్టు రంగుల ప్రింటు తీసి అతికించల్ల.

మొదట ఆ సంతకం సంగతే మాట్లాడుకుందాం. కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చదివి, అర్థం చేసుకొని, ఒప్పుకున్నట్టు సంతకం చేయాల్సింది మన అమ్మ, మన నాయిన. వాళ్లలో చాలామందికి తెలుగు చదవడమే రాదు. పిల్లోడు చూపించిన చోట పెట్టేస్తారు, కొందరు వేలిముద్ర వేస్తారు. మన ఇండ్లలో చదవకుండా సంతకం పెట్టిన కాగితాలు ఇంతకు ముందు ఒక్కటే రకం ఉండేవి, ప్రోనోట్లు. ఆ వరసలో ఇప్పుడు ఇంగ్లీషు క్లాసు కాగితం కూడా చేరింది. రేపు పిల్లోన్ని బయట నిలబెట్టినప్పుడు 'మీ నాయిన సంతకం పెట్టినాడు కదా' అని అదే చూపిస్తారు.

ఇంక మదర్ టంగ్ రూలు. ఆ మాట రాసిన మనిషికి మదర్ టంగ్ అంటే తెలుగు. సుగాలి పిల్లోనికి తెలుగు బడికి పోయినాక పట్టుబడిన భాష. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. ఎరుకల పిల్లకు ఇంట్లో కుర్రు బాస. హిందూపురం వైపు సంతకు పోతే కన్నడం కూడా కావల్ల. బళ్లో హిందీ సరేసరి. అంటే తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మనోళ్లు నాలుగైదు భాషల మధ్య తిరుగుతాంటారు. ఒక్క భాషతో పెరిగిన టౌను పిల్లోనికి ఆ రూలు ఒక భాష మూసేస్తుంది, మనోళ్లకు అన్నీ మూసేస్తుంది. నాలుగు భాషలు వచ్చిన పిల్లోన్ని 'భాష రాదు' అని వెనక బెంచీకి పంపుతారు, ఇదెక్కడి లెక్కప్పా?

ఆ ఐదు రూపాయలు రాసుకునేదానికి క్లాసు లీడరు దగ్గర ఒక పుస్తకం ఉంటుందంట. ఇది కొత్త ఆలోచనేం కాదు. వేల్స్ దేశంలో 19వ శతాబ్దంలో బళ్లో సొంత భాష మాట్లాడిన పిల్లోని మెడలో ఒక చెక్కముక్క తగిలించేవాళ్లు. ఇంకొకడు మాట్లాడితే అది వాని మెడకు పోయేది, సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వానికి దెబ్బలు. కెన్యాలో తెల్లోళ్ల కాలపు బళ్లలో గికుయు మాట్లాడిన పిల్లోళ్లను కొట్టేవాళ్లు, జరిమానా వేసేవాళ్లు, నేను గాడిదను అనే అర్థం వచ్చే రేకు మెడలో వేలాడదీసేవాళ్లు. ఎన్‌గూగీ వా థియాంగో తన చిన్నతనం గురించి ఇవన్నీ రాసినాడు. 2025 మే నెలలో చనిపోయినాడు. ఆయన జైల్లో టాయిలెట్ కాగితం మీద గికుయులో రాసిన నవల మన తెలుగులో 'మట్టికాళ్ల మహారాక్షసి'గా వచ్చింది, వరవరరావు చేసిన అనువాదం. దొరికితే చదవండి. మేం చెప్పొచ్చేది ఏందంటే, పిల్లోని మీద పిల్లోన్నే కాపలా పెట్టే ఆ పద్ధతి అప్పటి దొరలది. దాన్ని మన బళ్లో 2025లో 'ఎక్స్‌పెక్టేషన్' అని రాసి పంచుతాండారు.

ఫైను వేస్తే ఇంగ్లీషు వస్తుందా అంటే, వచ్చేది మౌనం. ఐదు రూపాయలు లేని పిల్లోడు నోరు తెరవడు, అంతే. బాత్రూముకు పోవల్లని ఇంగ్లీషులో అడగడం రాక గంటసేపు బిగబట్టుకొని కూర్చున్నానని ఒక చెల్లెలు మాకు రాసింది. ఆ గంటలో ఆ పిల్ల నేర్చుకున్న ఇంగ్లీషు ఎంత?

భాష నేర్పే పని గురించి కూడా రెండు మాటలు చెప్పల్ల, ఎందుకంటే 'ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పితేనే వస్తుంది' అనేది పెద్ద శాస్త్రం మాదిరి చెప్తారు. మన పిల్లోళ్లు రాసే తప్పులు చూడండి. 'ఐ గోట్ సా' అని రాస్తారు. ఎందుకు? తెలుగులో 'నేను మేకను చూసినా' అంటాం, క్రియ చివర్లో వస్తుంది. గోర్ బోలిలోనూ క్రియ చివర్లోనే. ఇంగ్లీషులో అది మధ్యలోకి జరగల్ల. ఈ సంగతి బోర్డు మీద మూడు భాషల వాక్యాలు ఒకదాని కింద ఒకటి రాసి చూపిస్తే పది నిమిషాల పని. చూపించకపోతే పదో తరగతిలో కూడా 'ఐ గోట్ సా'నే. అట్లే ఎ, ది అనే రెండు చిన్న ముక్కలు. సంవత్సరాల తరబడి ఎర్ర ఇంకుతో కొట్టేస్తాంటారు. 'ఒక మేక వచ్చింది. ఆ మేక నా చెట్టు తినింది' అని చెప్పి, మొదటి 'ఒక' దగ్గర ఎ వస్తుంది, రెండో 'ఆ' దగ్గర ది వస్తుంది అంటే అన్నిచోట్లా సరిపోకపోయినా మొదటి మెట్టు ఎక్కినట్టే. ఆ మెట్టు తెలుగులో ఉంది. దాన్ని ఫైను వేసి తీసేసినారు. ఇంకొకటి, 'తారో నామ్ కాంయి?' అని మన యాడీలు అడుగుతారే, ఆ నామ్, ఇంగ్లీషు నేమ్ దూరపు చుట్టాలే. గోర్ బోలి, ఇంగ్లీషు రెండూ ఒకే పెద్ద భాషా కుటుంబంలోవి, తెలుగు వేరే కుటుంబం. అసలు ఈ విషయం తెలిస్తే మన పిల్లోడు ఆ క్లాసులో ఎంత నిటారుగా కూర్చుంటాడో.

ఆలస్యమైతే సున్నా అనే రూలు రాసినోళ్లు మన జిల్లా చూడలేదనుకోవాలా? సెనక్కాయ పీకే రోజుల్లో కూలీలు దొరకరు, ఇంట్లో పిల్లోళ్లు కూడా చేలోకి పోవల్సిందే. వాన లేని ఏడు చేలో పనే ఉండదు, అప్పుడు అమ్మానాయిన బెంగళూరు బండి ఎక్కుతారు. పిల్లోడు అవ్వ దగ్గర ఉంటాడు. ఫోను నాయిన జేబులో బెంగళూరులో ఉంటుంది, హోంవర్కు వాట్సాప్‌లో వస్తుంది. రంగుల ప్రింటు కావల్లంటే తాండా నుంచి ఆటో చార్జీ పెట్టి టౌనులో నెట్ సెంటరుకు పోవల్ల. ఎఫ్ఏ మార్కుల్లో స్లిప్ టెస్టు ఒక్కటే కాదు, నోటు పుస్తకానికీ ప్రాజెక్టుకూ మార్కులుంటాయి. అంటే అక్కడ కొలిచేది ఇంగ్లీషు కాదు, ఇంట్లో డబ్బుంది లేనిది. ఇంక నాయినను పిలుచుకురా అంటే, కట్టడం పనిలో ఉన్న మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకొని, రానూపోనూ చార్జీ పెట్టుకొని వచ్చి, సారు ముందు చేతులు కట్టుకొని నిలబడి, ఐదు నిమిషాలు తిట్లు తిని పోవల్ల. ఒకసారి వచ్చినోడు రెండోసారి 'బడి వద్దులేరా, నాతో పాటు వచ్చేయ్' అంటాడు. మన తాండాల్లో తొమ్మిదిలో ఆగిపోయినోళ్లను అడగండి, ఎట్ల ఆగిపోయినారో చెప్తారు.

2025లో తొమ్మిదిలోకి వచ్చినోళ్లు ఎవురో కూడా గుర్తు పెట్టుకోండి. 2020 మార్చిలో కరోనాకు బళ్లు మూసేటప్పటికి వీళ్లు మూడో తరగతి. వాక్యం రాయడం నేర్చుకునే వయసులో బడే లేదు. ఆన్‌లైన్ క్లాసులు మన ఇండ్లదాకా వచ్చిందెంతో మనకు తెలుసు. ఆ బాకీ తీర్చకుండా 'ఈపాటికి మీకు రావల్ల' అంటే ఎట్ల వస్తుంది?

చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లోళ్లను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 29వ సెక్షన్ వీలైనంత వరకు పిల్లల మాతృభాషలో బోధన ఉండాలంటుంది. రాజ్యాంగం 350-ఎ అధికరణం కూడా ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చూడమంటుంది. కానీ విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకే, ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదో తరగతి గడప దాటిన రోజే ఆ గొడుగు తీసేస్తారు, ఆ రోజే ఈ కాగితం చేతిలో పెడతారు. యాదృచ్ఛికమే కావచ్చు, వాన మాత్రం మన మీదే పడుతుంది.

ఇప్పుడు కొందరు అంటారు, 'చూసినారా, అందుకే ఇంగ్లీషు వద్దు, అమ్మభాషే ముద్దు' అని. వాళ్లకు దూరం నుంచే దండం. 2019 నవంబరులో జీవో 81, దాని వెనక జీవో 85 వచ్చినాయి, ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియం అన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి ఆప్షన్లు తీసుకుంటే 96 శాతం మంది ఇంగ్లీషే అన్నారని లెక్క చెప్పింది. అటువైపు తెలుగు చచ్చిపోతుందని టీవీల్లో కన్నీళ్లు పెట్టుకున్నోళ్లలో తమ పిల్లోళ్లను తెలుగు మీడియంలో వేసినోళ్లు ఎంతమందో వాళ్లకే తెలుసు. ఆ గొడవ మొత్తంలో గోర్ బోలి, కుర్రు బాస మాటే ఎవురూ ఎత్తలేదు. అమ్మభాష అంటే తెలుగు ఒక్కటే అన్నట్టు రెండు పక్కలా కొట్లాడినారు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినోళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు, వాళ్లందరినీ హిందీ కింద కలిపేసినారు. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య కార్యక్రమం పెట్టినారు, అందులో బంజారా కూడా ఒకటి. మన పాత అనంతపురం జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు, ఐటీడీఏ లేదు. ఏజెన్సీ మాట వచ్చినప్పుడు మనం మైదానం, మైదానం మాట వచ్చినప్పుడు మనం తాండా.

మాకు ఇంగ్లీషు కావల్ల. ఎర్రమంచి దగ్గర కియా 2019లో కార్లు తీయడం మొదలుపెట్టింది, దాని చుట్టూ వచ్చిన పనులకు కావల్ల. బెంగళూరుకు కావల్ల. కోర్టు తీర్పు చదివేదానికి కావల్ల. రెండు భాషలు పక్కపక్కన అచ్చేసిన పాఠ్యపుస్తకాలు వచ్చినాయి, విద్యా కానుకలో డిక్షనరీ ఇచ్చినారు, 2023లో టోఫెల్ శిక్షణ అన్నారు. వాటిలో మనకు నిజంగా పనికొచ్చింది ఆ పక్కపక్క పేజీల పుస్తకమే. తెలుగు పేజీ చూసి ఇంగ్లీషు పేజీ అర్థం చేసుకోమని ప్రభుత్వమే అచ్చేసి ఇచ్చిన పుస్తకం మీద, తెలుగు మాట్లాడితే ఫైను! 2025 జూలై 10న మెగా పీటీఎంకు మన జిల్లాలోనే కొత్తచెరువు హైస్కూలుకు ముఖ్యమంత్రి వచ్చి తల్లిదండ్రులతో తెలుగులోనే మాట్లాడినారు. ఆయన పేరు ఏ క్లాసు లీడరూ రాసుకోలేదు.

మన గ్రూపులోనే ఉద్యోగాలు వచ్చిన అన్నలు కొందరు 'మేం దెబ్బలు తిని, ఫైన్లు కట్టే నేర్చుకున్నాం, గట్టిగా ఉండకపోతే రాదు' అని కామెంట్లు పెడతాండారు. అన్నా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాం. మీతో పాటు ఒకే తాండా నుంచి ఆరో తరగతిలో చేరినోళ్లు ఎంతమంది? మీతో పాటు డిగ్రీ దాకా వచ్చినోళ్లు ఎంతమంది? మిగిలినోళ్లు కూడా అవే దెబ్బలు తిన్నారు కదా, వాళ్లకెందుకు రాలేదు? మీకు వచ్చింది మీ పట్టుదల వల్ల. దాన్ని తీసుకపోయి బెత్తానికి ఎందుకు ఇస్తారు?

మంచి సార్లు, మేడమ్‌లు లేరని కాదు. నోటు పుస్తకంలో ఎడమ పక్క తెలుగులో, కుడి పక్క ఇంగ్లీషులో రాయించే మేడమ్ గురించి కూడా ఒక తమ్ముడు రాసినాడు. ఆ క్లాసులో ఎవురూ బయట నిలబడలేదంట, ఆమె దగ్గర ఫైన్ల పుస్తకం లేదంట.

కాబట్టి మేం అడిగేది ఇది. నియమాల కాగితం తెలుగులో కూడా ఉండల్ల, సంతకానికి ముందు అమ్మానాయినలకు చదివి వినిపించల్ల. క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే టైము అని రోజూ పదిహేను నిమిషాలు పెట్టండి, అప్పుడు తప్పు మాట్లాడినా నవ్వకూడదు అనేదాన్ని రూలు చేయండి. మిగతా టైములో ఏ భాషలో అడిగినా జవాబు చెప్పండి. ఆలస్యమైన హోంవర్కుకు ఒక వారం గడువు ఇవ్వండి, వలస పోయొచ్చిన పిల్లోనికి పోయిన పాఠాలు మధ్యాహ్నం పూట చెప్పించండి. హోంవర్కు బోర్డు మీద రాయండి. ప్రాజెక్టు చేత్తో గీసినా మార్కులు వేయండి. డబ్బు రూపంలో ఏ శిక్షా వద్దు, ఐదు పైసలైనా సరే.

బడి యాజమాన్య కమిటీలో చట్టం ప్రకారం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండల్ల, వెనకబడిన వర్గాలకు వాళ్ల వాటా ఉండల్ల. మీ బళ్లో ఆ కమిటీలో మన తాండా నుంచి, మన కాలనీ నుంచి ఎవురున్నారో ఈ వారంలో కనుక్కోండి. ఉంటే ఈ పోస్టు వాళ్లకు చదివి వినిపించండి, తర్వాతి మీటింగులో ఈ కాగితం సంగతి ఎత్తమని చెప్పండి. లేకపోతే ఎందుకు లేరో హెడ్మాస్టరు గారిని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి, అర్జీ నకలు మీద తేదీ వేయించుకొని దగ్గర పెట్టుకోండి. అర్జీ రాయడం రాకపోతే అడ్మిన్లకు మెసేజ్ పెట్టండి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాసిస్తాం. కాగితం ఫోటో పంపేటప్పుడు పిల్లోని పేరు, రోల్ నంబరు, కింద సంతకం కొట్టేసి పంపండి.