నిద్రపోయి ఎన్ని గంటలైంది?

లారీ ఆపగానే పోలీసు అడిగేవేమిటో డ్రైవర్లందరికీ కంఠతా వచ్చు. ఆర్సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, లైసెన్సు, సరుకు బిల్లు. అన్నీ ఉన్నా ఏదో ఒకటి లేకుండా పోతుంది, దానికో రేటుంటుంది. అది అందరికీ తెలిసిందే. ఒక్క మాట మాత్రం ఎవడూ అడగడు: నిద్రపోయి ఎన్ని గంటలైంది?

చట్టం లేకనా? 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంది. దూరపు రూట్లకైతే అనుమతి తీసుకుని పది, 54 గంటలు. అంతకు మించి కుదరదంది. ఐదు గంటలు పని చేశాక అరగంట విరామం ఇవ్వాలంది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ ఆ గంటల్నే ఒప్పుకుని, వాటిని ముందే ఖరారు చేయించి రాయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. పాత చట్టాన్ని 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపేశారు. ఏ పుస్తకంలో కలిపితేనేం, ఆ పేజీ రోడ్డెక్కిందెప్పుడు? లారీలో ఉండే ట్రిప్ షీటు ఓనర్ కోసం రాసేది. అందులో కిలోమీటర్లు, డీజిలు, టోలు, బత్తా ఉంటాయి. నిద్ర ఉండదు.

పోనీ గంటలు లెక్కపెట్టడం సర్కారుకు చేతకాదా? సరుకు విషయంలో భేషుగ్గా చేతనవుతుంది. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చింది. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు అది ఉండాలి. 2021 నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. గడువు దాటితే బండి ఆగుతుంది, జరిమానా పడుతుంది. ఫాస్టాగ్ వచ్చాక ఏ లారీ ఏ టోలుగేటు ఏ నిమిషంలో దాటిందో యంత్రం రాసుకుంటోంది. మిర్చి టిక్కీకి లాగ్‌బుక్ ఉంది. దాన్ని మోసుకుపోయే మనిషికి లేదు.

"ఇందులో హిందువేమిటి, ముస్లిమేమిటి? డ్రైవర్ల కష్టం ఒకటే కదా" అంటారు సెక్యులర్ మిత్రులు. నిద్ర దాకా ఒకటే. లైసెన్సు చేతికిచ్చాక ఒకటి కాదు. కార్డు మీద పేరు కనబడుతూనే ఉంటుంది, అయినా "పేరేంట్రా?" అంటాడు. మా నోటితోనే చెప్పించాలి. మా అబ్బా ఏళ్ల తరబడి గుంటూరు మిర్చి యార్డు నుంచి నాగపూర్‌కు లోడు తోలాడు. దారిలో ఓ చెక్‌పోస్టులో ముందు బండి ఐదు నిమిషాల్లో పోయేది. అబ్బా చేత మాత్రం పట్టా తాళ్లు విప్పించేవాళ్లు. "కింద ఏం దాచావ్ సాయిబూ?" మిరపకాయల కింద మిరపకాయలే ఉండేవి. మళ్లీ బిగించి కట్టుకోవడానికి గంట. ఆ గంటను ఓనర్ ఒప్పుకోడు, కంపెనీ ఒప్పుకోదు. నిద్రలోంచే కోసుకోవాలి.

ఇప్పుడు యూనిఫాం లేనివాళ్లూ తనిఖీ చేస్తున్నారు. లైసెన్సు చూపమనే హక్కు 130వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసుకిచ్చింది. బక్రీదు ముందు హైవే మీద బండ్లాపే గుంపుకు ఎవరిచ్చారు? 2015 అక్టోబర్‌లో ఉధంపూర్ దగ్గర ఆగి ఉన్న లారీ మీద పెట్రోలు బాంబు వేస్తే, అందులోని కాశ్మీరీ కుర్రాడు ఆ నెలలోనే ఢిల్లీ ఆసుపత్రిలో చనిపోయాడు. 2017 ఏప్రిల్‌లో పెహ్లూ ఖాన్ జైపూర్ సంతలో ఆవుల్ని కొని రసీదులు వెంట పెట్టుకునే బయల్దేరాడు. అల్వార్ జిల్లాలో కొట్టి చంపారు. 2019లో కింది కోర్టు ఆరుగురిని నిర్దోషులుగా వదిలేసింది. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే భయమెందుకని మాతో అనకండి.

మావాళ్ల సంగతీ చెప్పాలి. బండి నెత్తిన 786 రాయించుకున్న సేఠ్ కూడా "తెల్లారేసరికి బండి అక్కడుండాలి" అనే అంటాడు. డ్రైవర్ రోజా ఉన్నాడని తెలిసీ రాత్రికి రాత్రే తిరుగు లోడు ఎక్కిస్తాడు. మన పెద్దలు సర్కారును షాదీఖానాలు అడుగుతారు, ఖబరస్తాన్‌కు గోడలు అడుగుతారు. స్టీరింగ్ ముందు కునికే కుర్రాడికి ఎనిమిది గంటలు ఎవరడిగారు?

2024 జనవరిలో డ్రైవర్లు బండ్లాపారు. గుద్ది పారిపోతే పదేళ్ల జైలని న్యాయ సంహిత 106(2)లో రాశారు. హైదరాబాద్ బంకుల దగ్గర జనం బారులు తీరారు, పెట్రోలు గురించి తిట్టుకున్నారు. ఆ జూలైలో సంహిత అమలైనప్పుడు ఆ ముక్కను పక్కన పెట్టారు. పారిపోవడం తప్పే. కానీ దిగి నిలబడితే గుంపు ముందు పేరడుగుతుంది. ఆ పేరు సాయిబుదైతే తర్వాత ఏమవుతుందో ఆ సెక్షన్ రాసినవాళ్లకు తెలియదా? గుద్దడానికి ముందు వాడు ఎన్ని గంటలుగా మేల్కొని ఉన్నాడో అడగాలని మాత్రం వాళ్లకు తోచలేదు.

ఇంకో పుస్తకం పెడితే ఇంకో మామూలు తయారవుతుందని డ్రైవర్లే అంటున్నారు. నిజమే, చేత్తో రాసే పుస్తకమైతే అంతే. టోలుగేటు యంత్రంలో బండి గంటలు ఎలాగూ ఉన్నాయి కదా, వాటినే స్టీరింగ్ పట్టినవాడి పేరున రాయండి. గంటలు మీరితే చలానా ఓనర్‌కు వేయండి, సేఠ్ అయినా రెడ్డి అయినా చౌదరి అయినా. ఆ గంటలు చూసేదాకా మా పట్టా తాళ్లు ముట్టుకోకండి.