ఫైరింజన్‌ని బొమ్మగానే ఉంచాం

గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వీధిలో పోతుంటే గుమ్మంలోకి పరిగెత్తని పిల్లలుండరు. ఆ వయసులో మనమూ పరిగెత్తాం. ఇప్పుడు పరిగెత్తేవాళ్లకు మనమేం ఇచ్చామని లెక్క చూసుకుంటే తేలేవి ఓ ప్లాస్టిక్ ఎర్రబండి, సెల్‌ఫోన్లో కార్టూన్లు, పుట్టినరోజుకు బండి ఆకారంలో కేకు. ప్రేమ లేకేం కాదు. కొనివ్వడం తేలిక, వెంట వెళ్లాలంటేనే తీరిక చాలదు. తీరిక చాలదన్నది కూడా పూర్తి నిజం కాదు లెండి.

వాళ్లు ఊరికే అడగలేదు. అంత బండిలో నీళ్లెన్ని పడతాయి? గ్యాస్‌కి ఆ వాసనేంటి? నూనె అంటుకుంటే నీళ్లెందుకు పోయకూడదు? "తర్వాత చెప్తాలే" అన్నాం. మనకూ తెలియదు, తెలియదని చెప్పడానికి నామోషీ. మామూలు బండిలో నాలుగైదు వేల లీటర్లు పడతాయి. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు, లీకైతే పసిగట్టడానికని కలుపుతారు. కాగే నూనెలో పడ్డ నీళ్లు అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను గదంతా చిమ్ముతాయి. స్టవ్ కట్టేసి మూత పెట్టాలి. మన ఊరి ఫైర్ స్టేషన్‌లో ఎవరినడిగినా చెప్పే సంగతులివి.

మన అమ్మమ్మల ఊళ్లలో ఎండాకాలం తాటాకిళ్లు అంటుకునేవి. బావి దగ్గర్నుంచి బిందెలు చేతులు మారేవి, మంట దాటకుండా పక్కింటి కప్పు మీద ఆకు లాగేసేవారు. ఆ వరసలో పిల్లలూ ఉండేవారు. అవి మంచి రోజులని అనను. పేటలకు పేటలే బూడిదయ్యాయి. డాబాలు రావడం మేలే. కాకపోతే ఆ నిశ్చింతలో, నిప్పు గురించి పిల్లలకు చెప్పే పని కూడా మనకు తప్పిందనుకున్నాం.

2004 జులై 16న కుంభకోణంలో ఓ బడి వంటపాక నుంచి లేచిన మంట 94 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. అప్పుడు మనమూ ఏడ్చాం. ఏడ్చి, మన పిల్లల బడికి రెండో మెట్లదారి ఉందో లేదో చూడకుండా ఊరుకున్నాం. వరండాలో వేలాడే ఎర్ర సిలిండర్ పిన్ను ఎలా లాగాలో, గొట్టాన్ని మంట మొదట్లోకి తిప్పాలని టీచర్లలోనైనా ఎందరికి తెలుసో అడగలేదు. పేరెంట్స్ మీటింగుల్లో మనకు మార్కులతోనే సరిపోయింది. ఫైరింజన్ పిచ్చి ఉన్న పిల్ల అవన్నీ చూసే ఉంటుంది. దాని మాట ఎవరు విన్నారు?

"పెద్దయ్యాక మంటలార్పుతా" అంటే ముద్దుగా నవ్వాం. నిజంగానే కాస్త పెద్దయ్యాక ఫౌండేషన్ కోర్సులో పడేశాం. ఇంజనీరింగ్ అంటే చెవి కోసుకునే మనకు, నాగపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉందనీ, అక్కడ ఫైర్ ఇంజనీరింగ్ డిగ్రీ చదవొచ్చనీ తెలియకపోవడం విడ్డూరమే. తెలిసినా పంపేవాళ్లం కాదేమో. మన బిడ్డ మంట వైపు వెళ్లకూడదు. మనింటికి నిప్పంటుకుంటే మాత్రం ఇంకెవరి బిడ్డో పరుగున రావాలి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లూ పేలుడు సామగ్రీ కలిపి మోసుకొచ్చిన ఓడకు నిప్పంటుకుంది. ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బంది 60 మందికి పైగా పోయారు. వాళ్ల పేరు మీదే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం కూడళ్లలో స్టేషన్ వాళ్లు సిలిండర్ మంట ఆర్పి చూపిస్తుంటే, ట్రాఫిక్ ఆగిందని మనం హారన్ కొట్టాం. వెనక సీట్లో పిల్లలు మెడలు చాచి చూస్తూనే ఉన్నారు.

ఈ ఏప్రిల్లో బండి పక్కకు తీసి, పిల్లల్ని దించి ముందు నిలబెట్టండి. స్టేషన్ లోపల చూపిస్తారా అని అక్కడున్న ఆఫీసర్ని అడగండి. కాదంటే ఇంకో రోజు అడుగుదాం. ఇన్నేళ్లూ వాళ్లు కాదనలేదు, మనమే అడగలేదు.