జొటెరో వాడండి, అందులో మన పెద్దల పేర్లు కూడా ఎక్కించండి



పోస్టు కొంచెం పెద్దదే. పీజీ ప్రాజెక్టు, పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మిగతావాళ్లు మీ ఊర్లో ఎవరైనా పెద్ద చదువు చదువుతుంటే వాళ్లకి పంపండి.

మనలో రీసెర్చి చేసేవాళ్లు పెరిగారు, సంతోషం. రిఫరెన్సులు దాచుకునే తీరు మాత్రం అలాగే ఉంది. సగం నోటుబుక్కులో, సగం వాట్సాప్‌లో తనకు తానే పంపుకున్న పీడీఎఫ్‌లలో, మిగిలింది 'న్యూ ఫోల్డర్ 7'లో. థీసిస్ ఇచ్చే పది రోజుల ముందు కూర్చుని ఈ మాట ఏ పుస్తకంలోది, ఏ పేజీ అని వెతుకుతారు. దొరక్కపోతే మంచి పేరా ఒకటి కొట్టేస్తారు, లేదంటే సోర్సు పేరు లేకుండానే వదిలేస్తారు. రెండోది ప్రమాదం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే థీసిస్ వెనక్కి వస్తుంది, ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు మళ్లీ ఇచ్చే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సోర్సు సరిగ్గా చూపించి తీసుకున్న మాటలు ఈ లెక్కలోకి రావు. అంటే చాలాసార్లు మనల్ని ముంచేది దొంగతనం కాదు, చెదిరిపోయిన కాగితాలు. ఆ ఏడాది పోతే ఫెలోషిప్ గడువు మన కోసం ఆగదు, ఇంటి దగ్గర అప్పు కూడా ఆగదు.

అందుకే చెప్తున్నా, జొటెరో పెట్టుకోండి. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర పరిశోధకులు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది. పైసా కట్టక్కర్లేదు. బ్రౌజర్‌లో దాని కనెక్టర్ పెట్టుకుని, చదువుతున్న వ్యాసం మీద ఒక్క క్లిక్ కొడితే రచయిత, ఏడాది, పత్రిక, పేజీలు వచ్చి కూర్చుంటాయి. పుస్తకమైతే ఐఎస్‌బీఎన్, వ్యాసమైతే డీఓఐ నంబర్ కొట్టినా చాలు. వర్డ్‌లో రాస్తూ ఎక్కడ కావాలంటే అక్కడ రిఫరెన్సు పెట్టుకోవచ్చు, చివర్లో లిస్టు అదే తయారు చేస్తుంది. గైడుగారు ఆఖరి నిమిషంలో ఏపీఏ వద్దు, చికాగో కావాలంటే నిమిషం పని. నెట్ లేకపోయినా నడుస్తుంది, కాబట్టి సెలవులకి ఊరెళ్లి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లకి కూడా పనికొస్తుంది. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకోడానికి 300 ఎంబీ ఉచితం. అది నిండినా రిఫరెన్సుల వివరాలు సింక్ అవుతూనే ఉంటాయి, పీడీఎఫ్‌లు మన సిస్టంలో ఉంటాయి. ల్యాప్‌టాప్ లేదా? హాస్టల్ కంప్యూటర్‌లో వెబ్‌సైట్ తెరిచి మీ అకౌంట్‌లోకి వెళ్లొచ్చు, ఫోన్‌కి యాప్ కూడా ఉంది.

ఎండ్‌నోట్ మంచిదే గానీ డబ్బు కట్టాలి. యూనివర్సిటీ కొనిచ్చినా మనం అక్కడున్నన్నాళ్లే. మెండలీ ఉచితమే గానీ 2013 నుంచి ఎల్సెవియర్ కంపెనీ చేతిలో ఉంది. నా ఓటు జొటెరోకే.

ఇంకో మాట. ఈ మధ్య చాట్‌బాట్‌ని రిఫరెన్సులు అడుగుతున్నారు. లేని పుస్తకానికి లేని పేజీ నంబర్ కూడా ఇస్తుంది అది! దాని దగ్గర తీసుకున్న ప్రతి డీఓఐ జొటెరోలో కొట్టి చూడండి. ఏమీ రాకపోయినా, వేరే వ్యాసం వచ్చినా అనుమానించండి.

ఇంతవరకు ఏ లైబ్రరీ వర్క్‌షాపులోనైనా చెప్తారు. వాళ్లు చెప్పనిది ఇప్పుడు చెప్తా.

మొదటిది పేర్లు. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చివర ఉన్న పదమే ఇంటిపేరు అనుకుంటాయి. మనకి ఇంటిపేరు ముందుంటుంది. కుమ్రం భీం అనే పేరు ఆటోమేటిక్‌గా వస్తే 'భీం, కె.' అయిపోతుంది. గోండుల్లో ఇంటిపేరు చూస్తే ఎన్ని దేవుళ్లవాళ్లో, ఎవరితో సంబంధం కలుపుకోవచ్చో, ఎవరితో కూడదో తెలుస్తుంది. అంత ఉన్న పేరు ఒక్క ఇంగ్లిష్ అక్షరానికి దిగిపోతుంది. క్లిక్ కొట్టి వదిలేయకండి, పేర్లు చేత్తో సరిచేయండి. పేరును రెండు ముక్కలు చేయకుండా ఒకే గడిలో రాసుకునే బటన్ కూడా పక్కనే ఉంటుంది. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు, అవి కూడా చేత్తో ఎక్కించాల్సిందే.

రెండోదే అసలు విషయం. గోండుల మీద ఎవరు రాసినా ముందు వచ్చే పేరు హైమెన్‌డార్ఫ్. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం సర్కారు ఆయన చేత మన సమస్యల మీద అధ్యయనం చేయించింది. 1945లో 'ట్రైబల్ హైదరాబాద్', 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' వచ్చాయి. ఆయన చేసిన మేలు నేను కాదనను. కానీ ఆ కథలు ఆయనకి చెప్పిందెవరు? మన పటేళ్లు, కటోడాలు, ప్రధాన్లు. రిఫరెన్సు లిస్టులో మాత్రం వచ్చేది ఒక్క పేరే. ఇప్పుడు మనం చేస్తున్నదేంటి? సొంత తాత దగ్గర కూర్చుని గంటసేపు రికార్డు చేసుకొచ్చి, థీసిస్‌లో 'ఒక వృద్ధుడు తెలిపారు' అని రాసి, పక్కన హైమెన్‌డార్ఫ్ పేజీ నంబర్ వేస్తున్నాం.

ఏపీఏ పద్ధతి కూడా ఇక్కడ మనకి అడ్డమే. రికార్డు లేని మాటని అది 'పర్సనల్ కమ్యూనికేషన్' అంటుంది. పాఠకుడు మళ్లీ తెరిచి చూసుకోలేడు కాబట్టి వాక్యంలో బ్రాకెట్లో పెట్టి ఊరుకోమంటుంది, చివరి లిస్టులోకి రానివ్వదు. కెనడాలో క్రీ జాతికి చెందిన లోరిసియా మెక్‌లౌడ్ అనే లైబ్రేరియన్ దీన్ని ఒప్పుకోలేదు. తెగ పెద్దల్ని పేరు, తెగ, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీతో రిఫరెన్సు లిస్టులోనే చూపించే నమూనా తయారుచేసి 2021లో వ్యాసంగా ప్రచురించింది. అదే పని మనం జొటెరోలో చేయొచ్చు. 'ఇంటర్వ్యూ' అనే రకం అందులో ఉంది. పెద్దాయన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా, అడిగినవాళ్ల పేరు, తేదీ, మాట్లాడిన భాష కోయానా గోండీనా సవరా, ఊరు, మండలం, విషయం. ఆడియో ఫైల్ దానికే తగిలించండి. గైడుగారు ఒప్పుకోకపోతే ఆ వ్యాసం ఆయనకి చూపించండి.

పెద్దల మాట సాక్ష్యమేంటి అనే వాళ్లుంటారు. వాళ్లకి చట్టం చూపించండి. అటవీ హక్కుల గుర్తింపు నియమాలు, 2008లో 13వ నియమం ఏయే రుజువులు చెల్లుతాయో చెప్తుంది. అందులో దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పి, రాతలో పెట్టిన వాంగ్మూలం కూడా ఉంది. పోడు భూమి హక్కు పత్రం దగ్గర చెల్లే మాట మన థీసిస్ దగ్గర ఎందుకు చెల్లదు?

ఆలస్యం చేసే టైం కూడా కాదిది. డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్య గారు, గుస్సాడి కనకరాజు గారు, ఇద్దరూ పద్మశ్రీలు, ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. పద్మశ్రీ రాని వాళ్లు ఎంతమంది పోయారో ఎవరు లెక్క పెట్టారు? మన ఫోన్లలో వాళ్ల పాటలుంటాయి. తేదీ ఉండదు, ఊరు ఉండదు, పాడింది ఎవరో ఉండదు.

ఒక జాగ్రత్త. రికార్డు చేసేముందు అడగండి, పేరు వేయొచ్చా అని విడిగా అడగండి. మూలికల వైద్యం, పేన్ పూజలో బయటకి చెప్పకూడని మాటలు ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. జొటెరోలో గ్రూపు లైబ్రరీ పెడితే అది సభ్యులకే కనిపించేలా ప్రైవేటుగా ఉంచుకోవచ్చు.

అలాంటి గ్రూపు లైబ్రరీ ఒకటి మనకి కావాలి అంటున్నా. ఇక్కడ 1/70 గురించి రోజూ వాదించుకుంటాం, ఎంతమంది దగ్గర రెగ్యులేషన్ పూర్తి పాఠం ఉంది? ముందుగా 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్, 1970 సవరణ, 1997 సమత తీర్పు, 2000 నాటి జీవో నంబర్ 3, దాన్ని కొట్టేసిన 22 ఏప్రిల్ 2020 సుప్రీంకోర్టు తీర్పు, అటవీ హక్కుల చట్టం, దాని నియమాలు ఎక్కిద్దాం. తర్వాత మనవాళ్లు రాసిన థీసిస్‌లు. శోధ్‌గంగలో ఉన్నాయి, మనమే చదవట్లేదు, మనమే కోట్ చేయట్లేదు.

చేయాలనుకునేవాళ్లు కింద మీ సబ్జెక్టు, మీ భాష రాయండి. కోయా, గోండీ, కొలామీ, సవర, కువి, ఏదైనా సరే. తీర్పులు, జీవోలు నేను ఎక్కిస్తా. ఇంటర్వ్యూ వివరాలు ఒక్కో భాషకి ఒక్కరు చూసుకుంటే చాలు. ఇన్‌స్టాల్ చేయడం రాకపోతే మొహమాటపడకుండా అడగండి, ఫోన్లో కూర్చుని చేయిస్తా. రాత్రి తొమ్మిది తర్వాతైతే నాకు వీలు.