రెండణాల ఏనుగు

మొన్న మా నాన్నగారి ఉత్తరాలు సర్దుతూంటే, 1951 నాటి కవరొకటి మనవడి కంట పడింది.

"తాతయ్యా, ఈ ఏనుగుబిళ్ల నాకివ్వవూ?"

"ఏనుగు కాదురా, దాని దూరపు చుట్టం స్టెగోడాన్ గణేశా. ఎన్నడో అంతరించింది. శివాలిక్ కొండల్లో ఎముకలు రాళ్లయి దొరికాయి. జియలాజికల్ సర్వేకి నూరేళ్లు నిండాయని ఈ రెండణాల బిళ్ల వేశారు" అన్నాను.

వాడు వెంటనే గిన్నెతో నీళ్లు తెచ్చాడు. నా గుండె గుభేలుమంది. చిరునామా నాన్నగారి దస్తూరీ! తడిస్తే సిరా దక్కుతుందా? కాదంటే వాడు చిన్నబోడూ?

"తపాలా ముద్రతో కవరంతా ఉంటేనే విలువరా" అన్నాను. స్వార్థమే గాని, అబద్ధం కాదు లెండి.

కవరు కవరంతా ఆల్బంలో చేరింది. సాయంత్రందాకా స్టెగోడాన్ ఎలా ఉండేదని ఒకటే ప్రశ్నలు. పడుకోబోతూ మెల్లగా అడిగాడు:

"మరి ముత్తాతయ్య ఎలా ఉండేవారు?"